బోర్డు వెనక్కి కూడా వెళ్ళి చూడరా అల్లుడూ

గుణుపురం

చిరంజీవి అల్లుడికి,

రోడ్డు పక్క బోర్డుల సర్వేలో నువ్వు తీసి పంపిన పదకొండు ఫోటోలూ చూశాను. ఫోన్లో సరిగ్గా కనబడక, మీ అత్త చేత టీవీకి పెట్టించుకుని మరీ చూశాను. "ఈ గీతలేంటో, ఈ మచ్చలేంటో అర్థం కావట్లేదు మావయ్యా, అన్నిటికీ ఆకతాయిల పని అని రాసేసి సర్వే ముగించెయ్యనా" అని అడిగావు. రాయకు. ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్తాను.

నేను రోడ్ల డిపార్టుమెంటులో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కొత్తలో రాయగడ నుంచి ఇటొచ్చే రోడ్డు మీద ఒక మలుపు ఉండేది. అక్కడ మలుపు చూపించే బాణం బోర్డులు నాలుగు వరసగా ఉండేవి. నాలుగింటి మీదా గీతలే. నేనూ నీలాగే రిజిస్టర్లో "ఆకతాయిల పని" అని రాసి చేతులు దులుపుకున్నాను. అది పైకి వెళ్ళింది, పక్క ఊరి సర్పంచికి కబురొచ్చింది, ముగ్గురు కుర్రాళ్ళని ఒక పూటంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. నెల తర్వాత అదే మలుపులో టీ తాగుతుంటే పేపరు మిల్లుకి జామాయిల్ కర్ర పట్టుకెళ్ళే లారీ ఒకటి వచ్చింది. ముందు టైర్లు రోడ్డు మీదే ఉన్నాయి. బండి కుడికి తిరిగేసరికి వెనక బయటకి పొడుచుకొచ్చిన కర్రల కొసలు ఎడమకి ఊగి బోర్డుల అంచుని బరుక్కుంటూ పోయాయి. లేచి వెళ్ళి చూస్తే, రోడ్డు వైపు అంచు మాత్రమే వెనక్కి మడత పడి ఉంది. గీతలన్నీ ఆ అంచు దగ్గర లోతుగా మొదలై లోపలికి వెళ్ళేకొద్దీ పలచబడ్డాయి. అవతలి అంచు చెక్కుచెదరలేదు. మడతలో జామాయిల్ బెరడు ఇరుక్కుని ఉంది. అంత సాక్ష్యం నా కళ్ళెదుటే ఉన్నా నెల కిందట నాకు కనబడలేదు, ఎందుకంటే నేను జీపు దిగలేదు. ఆ ముగ్గురిలో ఒకడు ఇప్పటికీ బజార్లో కనబడితే నమస్కారం పెడతాడు. నాకే తలెత్తబుద్ధి కాదు.

అందుకని మొదట బండి దిగు. దూరానికి మెరిసే సేఫ్టీ జాకెట్ వేసుకుని, మలుపు లోపల కాకుండా బోర్డు అవతలి పక్క నిలబడు. ముందు వైపు ఒక్కటి చూసి వచ్చెయ్యకు, వెనక్కి వెళ్ళు. చాలా బోర్డుల వెనక తయారుచేసినవాళ్ళ పేరు, తేదీ ఉంటాయి. బోర్డు వయసు తెలిస్తే సగం మచ్చలకి సమాధానం దొరికినట్టే. తర్వాత స్తంభం అడుగు చూడు. నలుపు తెలుపు పట్టీలు ఒక్కోటి 25 సెంటీమీటర్లు ఉండాలి, నేలని ఆనుకుని ఉండేది నలుపు. నేల దగ్గర తెలుపు కనబడిందంటే మట్టి పైకొచ్చి నల్లపట్టీ పూడిపోయినట్టు, లేకపోతే ఎవరో స్తంభం పీకి మళ్ళీ పాతినట్టు.

నీ మూడో ఫోటోలో ఎరుపు మాయమై, నల్లబొమ్మ మాత్రం శుభ్రంగా ఉంది కదా. దాన్ని ఎవరూ గోకలేదు. ఎండకి అన్నిటికన్నా ముందు వెలిసేది ఎరుపే. దక్షిణానికో పడమరకో తిరిగిన బోర్డుకి ఇది తొందరగా వస్తుంది. అదే స్తంభాల వరసలో ఉత్తరం చూసే బోర్డు ఉంటే దానితో పోల్చు, నీకే తెలుస్తుంది. బోల్టుల కింద కన్నీటి చారల్లా ఉన్న గోధుమరంగు గీతలు తుప్పు. రేకు అల్యూమినియం, బోల్టు ఇనుము, వాన పడ్డప్పుడల్లా కారుతుంది. పచ్చటి మరకలు చెట్టు నీడలో ఉన్న బోర్డుకే వస్తాయి, అది పాచి. అడుగున కాలినట్టు ముడుచుకుపోయిందంటే చుట్టుపక్కల గడ్డి చూడు. పోడు కోసమో, రోడ్డు పక్క చెత్త కోసమో ఎండాకాలంలో నిప్పు పెట్టి ఉంటారు.

సొట్టల విషయంలో మాత్రం ఆకతాయిలని పూర్తిగా వదిలెయ్యలేం. ఉండేలు రాయికీ చేత్తో విసిరిన రాయికీ ముందు గుంట పడి వెనక బుడిపె లేస్తుంది, గుంట మధ్యలో రేడియం షీటు చిట్లుతుంది. (అందులో రేడియం ఏమీ లేదు, మనవాళ్ళకి అలా అలవాటైపోయింది.) బోర్డు దగ్గర్లో బడి నుంచి వచ్చే అడ్డదారి ఉందేమో చూడు. ఉంటే ఆ బోర్డు పిల్లలకి గురి. నేనూ చిన్నప్పుడు కొట్టాను, అబద్ధం ఎందుకు.

మొత్తం బోర్డు వంగితే ఒక్కదాన్ని చూసి తేల్చకు. అటూ ఇటూ కిలోమీటరు నడు. అన్నీ ఒకే వైపు వంగితే గాలి. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో దెబ్బతిన్నవి ఇళ్ళూ చెట్లే కాదు, బోర్డులూ ఉన్నాయి. వాటిలో కొన్నిటిని తిన్నగా చేసి మళ్ళీ అక్కడే పెట్టారు, ఆ మడత గుర్తు ఇప్పటికీ పోలేదు. ఒక్కటే వంగి ఉంటే బండి గుద్దింది. స్తంభం మీద అంటిన పెయింటు రంగు, కింద గాజు ముక్కలు వెతుకు. రేకు పూర్తిగా పోయి స్తంభం ఒంటరిగా ఉంటే బోల్టులు చూడు. విప్పి తీసుంటే అది పాత సామాన్ల కొట్టుకి చేరినట్టే. అల్యూమినియానికి ధర ఉంది మరి.

మోకాలికి కొంచెం పైన స్తంభం నునుపు తేలి మెరుస్తుంటే ఆవులు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. అదే నీ తలకన్నా ఎత్తున ఎండిన బురద పట్టి, స్తంభం పక్కకి ఒరిగితే ఇంకక్కడ ఫోటోలు తియ్యకు, బండెక్కు. లఖారీ లోయ వైపు ఏనుగులున్నాయి, శ్రీకాకుళం వైపు దిగేవీ అవే. బురద తడిగా ఉందా ఎండిందా అని దగ్గరికెళ్ళి ముట్టుకుని చూడాలన్న సరదా అస్సలు వద్దు. అలాగే కొండల రోడ్ల మీద బోర్డుకి మావోయిస్టుల ఎర్ర అక్షరాల పోస్టరో గుడ్డ బ్యానరో కట్టి కనబడితే చింపకు, తాకకు. వెనక్కి తిరిగి వచ్చి పోలీసులకి చెప్పు. ఇప్పుడు రోజులు మారాయనుకో, అయినా నా మాట విను.

నువ్వు "ఎవరో అక్షరాల మీద అతికించారు" అన్న ముక్కల గురించి. అది మన డిపార్టుమెంటు పనే. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్ళే 43 కాస్తా 26 అయింది, బరంపురం రోడ్డు 5 కాస్తా 16 అయింది. 2011 నవంబర్ నుంచి ఒరిస్సా ఒడిశా అయింది. కొత్త బోర్డులకి డబ్బులెక్కడివి, పాత అక్షరం మీద కొత్త ముక్క అతికించారు. రాత్రి టార్చి వేస్తే ఆ ముక్క ఒక్కటే తళుక్కుమంటుంది. టార్చి కంటి పక్కన పెట్టుకుని వెయ్యాలి సుమా. ఆ రేడియం షీటు వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది కాబట్టి నడుము దగ్గర పట్టుకుంటే నీకేమీ కనబడదు. మంచు పట్టిన రాత్రి అసలు పరీక్ష చెయ్యకు, బాగున్న బోర్డు కూడా నల్లగా కనిపిస్తుంది.

బొగ్గుతో "పర్లాకిమిడి" అని తెలుగులో రాసిందాన్ని నువ్వు పాడుచేయడం అన్నావు. పైన ఒడియా, ఇంగ్లీషు ఉన్నాయి, రెండూ రాని మన లారీ క్లీనరెవరో తన తర్వాత వచ్చేవాడి కోసం రాశాడు. తుడిపించు, కానీ కేసులా రాయకు. ఆంధ్రా, ఒడిశా రెండూ మావంటే మావనే కొఠియా ఊళ్ళ వైపు మాత్రం భాష మీద పెయింటు పూసి ఉంటే అది వేరే సంగతి. ఆ ఊళ్ళ తగువు 1968లోనే సుప్రీంకోర్టుకి ఎక్కింది, 2006లో కోర్టు యథాస్థితి అంది. ఫోటో తియ్యి, ఎన్నో కిలోమీటరో రాసుకో, నోరు మూసుకుని వచ్చెయ్యి.

నీ ఏడో ఫోటో చూసి మీ అత్త పడీపడీ నవ్వింది. రాష్ట్ర రహదారి రాయికి తల ఆకుపచ్చగా ఉండాలి, పసుపుపచ్చగా ఉంది, తప్పు రంగు వేశారు అని రాశావు. అది పెయింటు కాదురా, పసుపు. కింద కుంకుమ బొట్టు కనబడలేదా? ఆ రాయికి అక్కడ పూజ జరుగుతోంది. రంగు వెయ్యాలంటే ముందు ఊళ్ళో పెద్దావిడ ఎవరినైనా అడుగు, ఆవిడే కడిగి ఇస్తుంది. కల్వర్టు మీద "14/3" అని ఉన్నది కూడా ఎవరి పిచ్చిరాతా కాదు, పద్నాలుగో కిలోమీటరులో మూడో కట్టడం అని.

ఇక పదకొండోది. మలుపు దాటాక ఊళ్ళ పేర్ల బోర్డులో రెండో పేరు మాత్రమే మేకుతో గీసి చెరిపేశారు, పక్కవి ముట్టుకోలేదు. ఆ బోర్డు నాకు తెలుసు. నా సర్వీసులో మూడుసార్లు మార్పించాను, మూడుసార్లూ అదే పేరు చెరిగింది. భూమి తగువని ఒకరన్నారు, కుదిరి తప్పిన పెళ్ళి అని ఇంకొకరన్నారు. నేను తేల్చలేకపోయాను. నువ్వు మళ్ళీ అటు వెళ్ళినప్పుడు దాని వెనక వైపు ఫోటో కూడా తీసి పంపు. గీత ఎడమ నుంచి మొదలైందో కుడి నుంచి మొదలైందో దగ్గర్నుంచి చూడు. ఆదివారం భోజనానికి వస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మావయ్య