పది రోజుల్లో ఖాళీ అయ్యే పాకెట్ మనీ

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. నెలకని ఇచ్చిన డబ్బు పది రోజుల్లో అయిపోతుంది. మళ్లీ అడుగుతాడు. నేను కాదంటే అలుగుతాడు, వాళ్ల నాన్న ఇచ్చేస్తారు. రేపు ఉద్యోగం వచ్చాక ఎలా నెగ్గుకొస్తాడోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? - ఒక తల్లి

జవాబు: పదకొండో రోజున మీరేం చేస్తున్నారమ్మా? తిట్టి ఇస్తున్నారా? అయితే మీవాడికి అర్థమైంది ఒక్కటే: పది నిమిషాలు తిట్లు తింటే డబ్బులొస్తాయని.

ముందు నెల లెక్క మానేసి వారానికోసారి ఇవ్వండి. ముప్పై రోజులకు సర్దుకోవడం పెద్దవాళ్లకే కష్టం. కుదురుకున్నాక పదిహేను రోజులకు, ఆపైన నెలకు మార్చవచ్చు. డబ్బుతో పాటు ఖర్చునూ అప్పగించండి. ఫోన్ రీఛార్జ్, స్నేహితుల పుట్టినరోజు కానుకలు ఇన్నాళ్లూ మీరే కొంటుంటే, ఆ మొత్తం కలిపి వాడి చేతికే ఇచ్చేయండి.

ఒకరోజు వంటగది గుమ్మంలో నిలబడి, ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ, "అమ్మా, డేటా అయిపోయింది" అంటాడు. అసలు పరీక్ష అప్పుడే, అదీ మీకు. ఉపన్యాసం వద్దు. "అయ్యో, శనివారం దాకా ఆగాలి కదా" అని మీ పనిలో పడండి. అప్పుగా అడిగితే ఇవ్వొచ్చు కానీ కాగితం మీద రాసి, వచ్చే వారం పట్టుకోవాలి. పోనీలే అని వదిలేశారో, కథ మళ్లీ మొదటికొస్తుంది. చదువుకీ ఆరోగ్యానికీ మాత్రం ఈ పట్టింపు వద్దు. మార్కులకూ డబ్బుకూ ముడిపెట్టకండి.

అప్పు సంగతి కూడా ఇప్పుడే చూపించండి. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నదే. కాలిక్యులేటర్ ఇచ్చి 1.03ని వరసగా 24 సార్లు హెచ్చవేయమనండి. 2 దాటుతుంది. అంటే కట్టకుండా వదిలేస్తే రెండేళ్లలో బాకీ రెట్టింపు. అదే 6 శాతం వార్షిక వడ్డీకి దాచుకున్న డబ్బు రెట్టింపు కావడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. ఆ తేడా చూశాక వాడే ప్రశ్నలు వేస్తాడు.

నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో చాలామంది ప్యాకేజీ అంకె చూసి మురిసిపోతారు, చేతికొచ్చేదెంతో అడగరు. మీ పే స్లిప్ ఒకసారి వాడి ముందు పెట్టండి. ఏమేం కోతలు పడ్డాయో వాణ్నే వెతకమనండి. జీతం పిల్లలకు చెప్పడం మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా పెట్టండి.

ఇక అలకంటారా, అలుగుతాడు. మొదటి రెండు వారాలు పిలిస్తే పలక్కపోవచ్చు. దానికన్నా ముందు మీవారితో కూర్చుని మాట్లాడుకోండి. మీరు కాదన్నది ఆయన చాటుగా ఇస్తుంటే పైన రాసిందేదీ పనిచేయదు.