నెట్ ఎక్కడ తెగుతోందో ముందు పట్టుకో

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఆఫీసు సర్వర్ నుంచి 35 జీబీ డ్రోన్ సర్వే ఫోటోలు దించుకోవాలని, వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రహస్య దారి) పెట్టి డౌన్‌లోడ్ మొదలుపెడితే కాసేపటికే తెగిపోతోందని, రాత్రి రెండింటికి లేచి చూస్తే మళ్లీ సున్నా దగ్గరే ఉందని చెప్పావు. కనెక్షన్ వాళ్లు లైన్ బాగానే ఉందంటారు, ఆఫీసు ఐటీ వాళ్లు మీ ఇంటి నెట్‌దే తప్పంటారు. 31 ఏళ్లు టెలిఫోన్ లైన్ల మీద పనిచేశాను. ఇలా ఒకరి మీద ఒకరు తోసుకుంటుంటే మధ్యలో నలిగేది ఎప్పుడూ ఇంట్లో వాళ్లే. అందుకే సాక్ష్యం నీ చేతిలో ఉండాలి. ఎక్కడ తెగుతోందో తెలిసేదాకా ఏ సెట్టింగూ మార్చకు, రూటర్‌ను రీసెట్ చేయకు.

ఇవాళ రాత్రి డౌన్‌లోడ్ పెట్టే ముందు మూడు పింగ్‌లు పెట్టు. పింగ్ అంటే అవతలి యంత్రం పలుకుతోందో లేదో పిలిచి చూడటం. నీ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, రూటర్ అడ్రస్ ఇచ్చి, చివర హైఫన్ టీ పెడితే ఆపేదాకా అది నడుస్తూనే ఉంటుంది. రూటర్ అడ్రస్ మీ ఇంట్లో 192.168.1.1 అనుకుంటా, ఐపీకాన్ఫిగ్ కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపిస్తుంది. రెండో పింగ్ బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. ఇది మాత్రం మీ నాన్న ల్యాప్‌టాప్‌లో పెట్టు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే నీ ల్యాప్‌టాప్ నుంచి వెళ్లే ప్రతిదీ ఆఫీసు మీదుగానే పోవచ్చు, అప్పుడు తెగింది లైనో వీపీఎన్నో తేలదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మూడోది, వీపీఎన్ లోపల ఉన్న ఆఫీసు సర్వర్‌కి, నీ ల్యాప్‌టాప్ నుంచే.

తెగిన క్షణంలో ఏది ఆగిందో చూడు. రూటర్ పింగే ఆగితే తప్పు ఇంట్లోనే, వైఫై గానీ రూటర్ గానీ. రూటర్ పలుకుతూ 8.8.8.8 ఆగితే లైన్. ఆ రెండూ నడుస్తూ ఆఫీసు సర్వర్ ఒక్కటే ఆగితే వీపీఎన్. టైమ్ ఎంతయిందో పక్కన కాగితం మీద రాసుకో.

ఆ నిమిషంలోనే లేచి వెళ్లి రూటర్ పెట్టె మీద లైట్లు చూడు. చెయ్యి మాత్రం పెట్టకు. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైట్ వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. వైరు ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా బయట తెగి ఉంటుంది. కానీ అది డౌన్‌లోడ్ ఉన్నా లేకపోయినా పోతుంది. నీకు డౌన్‌లోడ్ పెట్టినప్పుడే పోతోంది కాబట్టి నా అనుమానం అటు లేదు.

లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి, తర్వాత ఒక్కొక్కటీ వెలుగుతుంటే మాత్రం జాగ్రత్తగా చూడు. పోయిన ఏడాది మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. మీ పెద్దమ్మ రోజూ వీడియో కాల్‌లో మనవడితో మాట్లాడేది, అప్పుడేమీ లేదు. నేను పెద్ద ఫైల్ పెడితే పావుగంటలో నెట్ పోయేది. లైన్ చూసే అబ్బాయిని రెండుసార్లు ఎండలో స్తంభం ఎక్కించాను, పాపం. మూడో రోజు కుర్చీ వేసుకుని రూటర్ ఎదురుగా కూర్చున్నాను. డౌన్‌లోడ్ పెట్టిన పన్నెండో నిమిషంలో లైట్లన్నీ ఆరాయి, మళ్లీ పవర్ లైట్ ఒక్కటే వెలిగింది, ఆ తర్వాత మిగతావి. అంటే రూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతోంది. అడాప్టర్ పట్టుకుంటే చెయ్యి కాలింది. అది ఆరేళ్ల నాటిది. పని తక్కువగా ఉన్నంతసేపు లాక్కొచ్చేది, రూటర్ పూర్తి వేగంతో పనిచేసేసరికి వోల్టేజ్ నిలబడేది కాదు. 12 వోల్టులు, 1 ఆంపియర్ కొత్త అడాప్టర్ పెట్టాను, అంతే. నువ్వు మార్చాల్సి వస్తే రూటర్ కింద రాసి ఉన్న వోల్టేజ్ ఎంతో అంతే ఉండాలి. ఆంపియర్లు కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు. మీ రూటర్‌ను టీవీ వెనక, గుడ్డ కప్పి పెట్టినట్టు గుర్తు. ఆ గుడ్డ ఇవాళే తీసెయ్.

రూటర్ పింగే తెగుతుంటే ఒక్క రాత్రి ల్యాన్ వైరుతో పనిచేసి చూడు. వైరుతో నిలబడితే వైఫైదే తప్పు. 2.4 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి మారు, రూటర్ ఉన్న గదిలోనే కూర్చో.

లైట్లన్నీ బాగానే ఉండి, వీపీఎన్ ఒక్కటే తెగుతుంటే అసలు సంగతి వేరు. నాన్న ల్యాప్‌టాప్‌లో పింగ్ పక్కన వచ్చే మిల్లీసెకన్లు చూడు. మామూలుగా 10, 20 ఉండేది డౌన్‌లోడ్ నడుస్తుండగా 400, 500కి పోతోందా? అయితే లైన్ నిండిపోతోంది. రైల్వే గేటు పడితే లారీల వెనక సైకిల్ మీద వచ్చే పోస్ట్‌మాన్ కూడా ఆగాల్సిందే కదా. వీపీఎన్ ‘నువ్వు ఉన్నావా’, ‘ఉన్నాను’ అంటూ అటూ ఇటూ చిన్న కబుర్లు పంపుకుంటూ ఉంటుంది. అవి నీ ఫోటోల వెనక ఇరుక్కుపోతే, అవతలివాడు లేడనుకుని కనెక్షన్ మూసేస్తుంది.

దీనికి మందు తేలిక. డౌన్‌లోడ్ చేసే సాఫ్ట్‌వేర్‌లో స్పీడ్ లిమిట్ ఉంటుంది, దాన్ని నీ లైన్ వేగంలో 80 శాతానికి కట్టెయ్. 100 ఎంబీపీఎస్ లైన్ అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, దాన్ని 10కి తగ్గించు. 35 జీబీకి లెక్క ప్రకారం 47 నిమిషాలు పట్టేది 58 అవుతుంది. పదకొండు, పన్నెండు నిమిషాలు పోతే పోనీ తల్లీ, రాత్రంతా నిద్ర దక్కుతుంది. నాన్న ఫోన్ ఫోటోలు రాత్రిపూట క్లౌడ్‌లోకి ఎక్కుతుంటే ఆ ఒక్క రాత్రికి ఆపమను. పైకి వెళ్లే దారి నిండినా ఇదే గొడవ.

ఇంకో రకం ఉంది. వీపీఎన్ కలుస్తుంది, చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైల్ మాత్రం మొదట్లోనే బిగుసుకుపోతుంది. అది ఎమ్‌టీయూ సమస్య, అంటే లైన్‌లో ఒక్కో ప్యాకెట్ (డేటా ముక్క) ఎంత పెద్దదిగా పోవచ్చన్న హద్దుతో వచ్చేది. ఉత్తరం ఉన్న కవర్‌ని ఇంకో కవర్లో పెట్టి పంపడం లాంటిది వీపీఎన్. పోస్టు డబ్బా నోరు అంతే ఉంటుంది, పై కవర్ పెద్దదవుతుంది. మామూలు లైన్‌లో ఒక్కో ప్యాకెట్‌కి 1500 బైట్లు పడతాయి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్‌లో 1492. వీపీఎన్ ఆపేసి పింగ్‌లో హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్ 1472 అని పెట్టి చూడు. ప్యాకెట్ ముక్కలు చేయాలని మెసేజ్ వస్తే కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రా. ఆ మెసేజ్ రాకుండా వెళ్లిన వాటిలో పెద్ద అంకెకి 28 కలిపితే అదే నీ లైన్ ఎమ్‌టీయూ. వీపీఎన్ సెట్టింగ్ నువ్వు మార్చకు, ఆ అంకె ఐటీ వాళ్లకి చెప్పు, వాళ్లు దానికి తగ్గట్టు పెడతారు.

నీ కాగితం మీద టైమ్‌లు సరిగ్గా గంటకోసారి పడుతుంటే, అది నీ ఇంటి తప్పు కాకపోవచ్చు. ఓపెన్ వీపీఎన్ అనే సాఫ్ట్‌వేర్ మామూలుగా 3600 సెకన్లకోసారి డేటాను దాచే రహస్య తాళం మార్చుకుంటుంది. ఓటీపీతో లాగిన్ అయ్యే చోట ఆ మార్పు దగ్గరే తెగే అవకాశం ఉంది. ఆ టైమ్‌లు చూపిస్తే ఐటీ వాళ్లు కాదనలేరు.

ఇవన్నీ తేలేలోపు నీ పని ఆగకూడదు. బ్రౌజర్‌లో దించకు. ఆగినచోటి నుంచి మొదలయ్యే పద్ధతి కావాలని ఐటీ వాళ్లని అడుగు. డౌన్‌లోడ్ చేసే డబ్ల్యూగెట్ కమాండ్‌లో హైఫన్ చిన్న సీ పెడితే చాలు, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ అయితే పార్షియల్ అనే ఆప్షన్ ఉంటుంది. 35 జీబీనీ ఒకే జిప్‌గా కాకుండా రెండేసి జీబీ ముక్కలుగా పెట్టమను, ఏదైనా పాడైతే ఆ ఒక్కటే మళ్లీ దించుకోవచ్చు. ప్రతి ముక్కకీ ఎస్‌హెచ్‌ఏ 256 అంకె (ఫైల్‌కి వేలిముద్ర లాంటిది) కూడా ఇమ్మను, దించాక సరిపోల్చుకో.

రేపు పొద్దున్నే ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. లైట్లు ఎలా ఉన్నాయో కూడా రాయి. అడాప్టర్ అనుమానం ఉంటే కొనకు, మా ఇంట్లో కొత్తది ఇంకొకటి ఉంది. ఆదివారం వస్తూ తెస్తాను.

మీ పెదనాన్న