మిరప ముడతకు వేప పప్పు

ప్రశ్న: హన్మకొండలో మా డాబా మీద కుండీల్లో చపాటా మిర్చి పెట్టాం. ఆకులు ముడుచుకుపోతున్నయి. తక్కువ ఖర్చులో ఏం చేయాలి?

జవాబు: ముందు ముడత ఎటు తిరిగిందో చూడండి. అంచులు పైకి దొన్నెలా లేస్తే తామర పురుగులు (థ్రిప్స్). కిందికి వంగి, ఆకు కాడలు సాగితే నల్లి, అంటే ఆకుల రసం పీల్చే మైట్.

తామర పురుగులకు 50 గ్రాముల వేప పప్పు దంచి, పలుచటి గుడ్డలో మూటగట్టి, పొద్దున్నే లీటరు నీళ్లలో వేయండి. సాయంత్రం గట్టిగా పిండి వడకట్టి, గ్రాము సబ్బుపొడి కలపండి. సబ్బు లేకపోతే మందు ఆకుకు అంటక జారిపోతుంది. ఆకుల అడుగు భాగం తప్పకుండా తడవాలి, పురుగు ఉండేది అక్కడే. ఎండకు వేప గుణం తగ్గుతుంది కాబట్టి పొద్దుగూకినాకే కొట్టండి, మిగిలింది దాచొద్దు. వారానికి మళ్లీ కొట్టాలి.

నల్లికైతే లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం చాలు. మన ఎండల్లో పగలు కొడితే ఆకు మాడుతుంది.

ముడిచిన పాత ఆకులు విప్పుకోవు, కొత్త చిగురు చూసే గుణం తెలుసుకోవాలి.