టవర్ జనరేటర్ పొగ: ‘నెట్ జీరో’ ప్రకటన మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా పెరటి కంచె పక్కనే, పొరుగువారి కొబ్బరితోటలో నాలుగేళ్ల క్రితం సెల్ టవర్ వేశారు. కరెంటు పోతే చాలు, డీజిల్ జనరేటర్ రాత్రంతా మోగుతుంది. అమ్మకు ఆయాసం, మాకు నిద్ర లేదు. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారంలో ఇంకా పెద్ద జనరేటర్ దించారు. సెల్ కంపెనీ మాత్రం కర్బన ఉద్గారాలను సున్నా చేస్తామని ప్రకటనలు ఇస్తోంది. మాట తప్పినందుకు కేసు వేయవచ్చా? వీడియోలు వాట్సాప్‌లో టెక్నీషియన్‌కు పంపాను, ఫోన్ నిండిపోయిందని తర్వాత తీసేశాను. డీజిల్ పైపు కోసేస్తే వాళ్ళే దారికొస్తారని మా బావగారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, రాజోలు ప్రాంతం

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే, దాన్ని మీరు మాటవరసకు రాశారు: సంక్రాంతి వెళ్ళిన వారంలో పెద్ద జనరేటర్ దించారు.

ముందు ఆ ప్రకటన సంగతి. కంపెనీ వాతావరణ లక్ష్యం అంటే దేశమంతటా కలిపి ఇన్ని టన్నులు, ఫలానా సంవత్సరానికి తగ్గిస్తామనే లెక్క. మీ కంచె పక్క జనరేటర్ రెట్టింపు డీజిల్ తాగినా ఆ లెక్క నెరవేరవచ్చు. పైగా చాలాచోట్ల టవర్ సిమ్ కంపెనీది కాదు, వేరే టవర్ కంపెనీది. అక్కడ కాలిన డీజిల్ టవర్ కంపెనీ ఖాతాలో ‘స్కోప్ 1’ (సొంత ఉద్గారాలు), సిమ్ కంపెనీ ఖాతాలో ‘స్కోప్ 3’ (తన కోసం పనిచేసే ఇతరుల ఉద్గారాలు) కింద పడుతుంది. గ్రామీణ టవర్లలో 75 శాతం 2020 నాటికి హైబ్రిడ్ విద్యుత్తుతో (గ్రిడ్ కరెంటుకు సోలార్ వంటివి జోడించి) నడవాలని టెలికాం శాఖ 2012లోనే ఆదేశించింది. అయితే అది శాఖకూ లైసెన్సు కంపెనీలకూ మధ్య వ్యవహారం. ప్రకటన తప్పుదోవ పట్టిస్తోందనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, 2024లో గ్రీన్‌వాషింగ్ (లేని పర్యావరణ హితాన్ని ఉన్నట్టు చాటుకోవడం) మీద మార్గదర్శకాలు కూడా వచ్చాయి. దానివల్ల ప్రకటన మారుతుందేమో, జనరేటర్ మాత్రం కదలదు. కోర్టులో మీరు అడగాల్సింది కర్బనం గురించి కాదు, పొగ, మోత గురించి.

ఇక గడువు. పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం వివాదానికి కారణం ‘మొదట’ పుట్టిన నాటి నుంచి ఆరు నెలల్లో దరఖాస్తు పడాలి. సరైన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇస్తారు, అంతే. పాత జనరేటర్ మీద ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. కొత్తది జనవరి మూడో వారంలో వచ్చిందంటే జూలై మూడో వారంతో ఆరు నెలలు నిండుతాయి. ఇప్పుడు జూన్ నడుస్తోంది. ‘పాత ఇబ్బందే కొనసాగుతోంది, కొత్త కారణమేమీ లేదు’ అని అవతలి లాయరు మొదటి రోజే అంటాడు. కాబట్టి కొత్తది పెద్దదని, ఫలానా తేదీన వచ్చిందని మీరు రుజువు చేయాలి. 15వ సెక్షన్ కింద నష్టపరిహారానికి ఐదేళ్ల గడువు ఉంది, కానీ ఆయాసం పొగ వల్లే వచ్చిందని చూపే ఆసుపత్రి చీటీ ఒక్కటైనా దాచారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు.

వీడియోలు తీసేయడం ఏం పని? టెక్నీషియన్‌కు వాట్సాప్ పెట్టడం ఫిర్యాదు కాదు, రేపు అతను నంబరు మారుస్తాడు. ఆ చాట్‌ను మాత్రం చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం లేకుండా ఫోన్ వీడియోను సాక్ష్యంగా నిలపడం కష్టం, కాబట్టి కొత్తగా తీసినవి అదే ఫోన్‌లో ఉండనివ్వండి. కంచె మీది బోర్డు ఫొటో తీయండి, అందులో టవర్ కంపెనీ పేరు, సైటు నంబరు ఉంటాయి. బయటి నుంచి కనిపిస్తే జనరేటర్ నేమ్‌ప్లేట్ కూడా తీయండి: కేవీఏ (సామర్థ్యం) ఎంత, ఏ నెలలో తయారైంది. 2023 జూలై 1 నుంచి తయారైనదైతే జనరేటర్ పొగకు పరిమితి పెట్టే సీపీసీబీ-4 ప్లస్ నిబంధనకు లోబడాలి. క్రేన్ వచ్చిన రోజు చూసిన ఇద్దరు పొరుగువారి వాంగ్మూలం రాయించండి.

మీ బావగారి సలహా వినకండి. టెలికాం సామగ్రిని పాడు చేస్తే 2023 టెలికమ్యూనికేషన్ చట్టం 42వ సెక్షన్ కింద 50 లక్షల దాకా జరిమానా, పైగా నష్టం కట్టాలి. ఆ డీజిల్ పంటకాలవలోకి పారిందో, కాలుష్యం చేసినవారు మీరే అవుతారు.

ఈ వారంలోనే కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, రాత్రిపూట మోత కొలవమని అడగండి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్. ఫోన్ యాప్ రీడింగుకు అంత విలువ ఉండదు. ఒక నకలు సోమవారం అమలాపురం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. వీధిలో మరికొందరు కూడా ఇబ్బంది పడుతుంటే అందరి సంతకాలతో భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ (బహిరంగ ఇబ్బంది తొలగింపు) కింద ఆర్డీవో వద్ద అర్జీ పెట్టండి, పాత సీఆర్పీసీలో ఇదే 133. జూలై 10 నాటికి కదలిక లేకపోతే చెన్నైలోని ట్రిబ్యునల్ దక్షిణ మండల బెంచికి దరఖాస్తు వేయించండి. టవర్ కంపెనీని మొదటి ప్రతివాదిగా, సిమ్ కంపెనీని రెండోదిగా పెట్టండి. జనరేటర్‌ను దూరం జరపాలని లేదా బ్యాటరీ, సోలార్ పెట్టాలని కోరండి, నష్టపరిహారం తర్వాత చూసుకోవచ్చు.