ఐర్లండ్ వచ్చేముందు ఏ సినిమాలు చూడమంటారు?

ప్రశ్న: అన్నా, సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి కార్క్ వస్తున్నాను. అక్కడివాళ్ళతో తొందరగా కలిసిపోవాలని ఉంది. చరిత్ర పుస్తకాలు చదివే ఓపిక లేదు. ఐరిష్ సినిమాలు నాలుగు చూస్తే సరిపోతుందా? ఏవి చూడమంటారు?

జవాబు: తమ్ముడూ, విద్యార్థులకిచ్చే నివాస అనుమతి ‘స్టాంప్ 2’ గురించో, బ్యాంకులో ఎంత చూపించాలనో కాకుండా ఇది అడిగినందుకు సంతోషం. ఆ రూల్స్ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, మారుతుంటాయి, అక్కడే చూసుకో. అందులో రాయని సంగతి ఒకటుంది. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పటినుంచి నిద్రపట్టేదాకా ఏం చేస్తావు? నన్నడిగితే ఫీజు కంటే, అద్దె కంటే పెద్ద సమస్య అదే.

నేనూ నీలాగే సినిమాలు చూసే వచ్చాను. 2007లో బేగంపేటలో విమానం ఎక్కేముందు స్నేహితుడొకడు రెండు సీడీలు ఇచ్చాడు. ఒకటి 1952 నాటి ‘ది క్వయట్ మ్యాన్’. పచ్చటి కొండలు, రాతిగోడలు, ఎర్రజుట్టు పిల్ల, ఊరంతా వెంటపడి చూసే కొట్లాట. మేయో కౌంటీలో కాంగ్ అనే పల్లెలో తీశారు. కార్క్‌లో దిగి ఆ ఊరి కోసం వెతుక్కున్నాను. నాకు దొరికింది వాన, బస్‌స్టాపు. ఆ సినిమా అమెరికా వెళ్ళిపోయిన ఐరిష్ వాళ్ళు కలగన్న ఊరు అని తర్వాత అర్థమైంది. మనం విదేశంలో కూర్చుని ఊహించుకునే గోదావరి గట్టు లాంటిదే అనుకో.

రెండోది ‘మైకేల్ కాలిన్స్’, బ్రిటిష్ పాలన మీద పోరాడిన ఐరిష్ నాయకుడి కథ, 1996లో వచ్చింది. అదే నా కొంప ముంచింది.

డెబ్భై ఏళ్ళ ఓనరమ్మ ఇంట్లో పైగది అద్దెకి తీసుకున్నాను. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. మొదటి వారంలోనే ‘యూకే వచ్చాక’ అని ఏదో అనబోతే, ‘ఇది యూకే కాదు బాబూ’ అని నవ్వుతూనే సరిదిద్దింది. అక్కడితో ఊరుకోవాల్సింది. మరో సాయంత్రం టీ తాగుతూ నాకూ వీళ్ళ చరిత్ర తెలుసని చూపించుకోవాలనిపించింది. ‘కాలిన్స్‌ని చంపించింది డి వలేరానే కదా?’ అన్నాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. లేచి, సగం టీ ఉన్న ఆ కప్పుని సింక్‌లో ఒంపి, కడిగి, బోర్లించింది. వారం రోజులు గుడ్ మార్నింగ్ తప్ప ఇంకో మాట లేదు.

జరిగిందేమిటంటే, 1921 డిసెంబర్‌లో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. దాన్ని ఒప్పుకున్నవాళ్ళు, డి వలేరాలాగా ఒప్పుకోనివాళ్ళు 1922, 23లో తమలో తామే కొట్టుకున్నారు. ఒప్పందం మీద సంతకం చేసిన కాలిన్స్‌ని 1922 ఆగస్టు 22న బేల్ న బ్లా దగ్గర కాల్చారు. ముప్పై ఒక్కేళ్ళవాడు. ఆ చోటు మా కార్క్ నుంచి గంట లోపు ప్రయాణం. డి వలేరాకి ఆ చావులో చేయి ఉందేమోనన్న అనుమానం వచ్చేలా సినిమాలో తీశారు, దానిమీద ఇక్కడ పెద్ద గొడవే అయింది. డబ్లిన్‌లో క్రోక్ పార్క్ అనే ఆటల మైదానంలోకి బ్రిటిష్ వాళ్ళ సాయుధ వాహనం దూసుకొచ్చి కాల్చినట్టు కూడా చూపించారు. 1920 నవంబర్ 21న అక్కడ పద్నాలుగు మంది చనిపోయిన మాట నిజం, కానీ కాల్చింది లోపలికొచ్చిన పోలీసు బలగాలు. పోలీసుల్లో ఉంటూ కాలిన్స్‌కి రహస్యాలు అందించిన నెడ్ బ్రాయ్ సినిమాలో చచ్చిపోతాడు, అసలు మనిషైతే బతికి, తర్వాత ఈ దేశపు పోలీస్ కమిషనరే అయ్యాడు.

ఇవన్నీ నాకు పుస్తకంలో దొరికాయి. పుస్తకంలో లేనిది ఓనరమ్మ ఇంట్లో ఉంది. వాళ్ళ నాన్న ఒక పక్షం, బాబాయి రెండో పక్షం. పక్కపక్క పొలాలు. చచ్చేదాకా మాట్లాడుకోలేదు. 2022లో వచ్చిన ‘ది బన్షీస్ ఆఫ్ ఇనిషెరిన్’ చూడు. 1923లో ఒక ద్వీపంలో ఒకడు ఉన్నట్టుండి స్నేహితుడితో మాటలు మానేస్తాడు, అవతలి ఒడ్డు నుంచి యుద్ధం చప్పుడు వినిపిస్తుంటుంది. హాల్లో అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం సింక్ పక్కన బోర్లించిన ఆ కప్పు గుర్తొచ్చింది.

మళ్ళీ మాటలు ఎలా కలిశాయంటే, గోడమీద ఫొటోలో ఉన్నదెవరని అడిగాను. బోస్టన్ వెళ్ళిపోయిన అన్నయ్యట. చెప్పుకుంటూ పోయింది. 1845లో బంగాళాదుంపకి తెగులు వచ్చి, ఆ కరువులో సుమారు పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. 1841లో ఎనభై లక్షలు దాటిన జనాభా, ద్వీపం మొత్తం కలిపి లెక్కేసినా ఇప్పటికీ అక్కడికి చేరలేదు. ఎవరైనా అమెరికా వెళ్తుంటే ముందురోజు రాత్రి శవజాగరణ చేసినట్టే చేసేవాళ్ళట. పాటలు, తాగుడు, తెల్లారేసరికి ఏడుపులు. దాన్ని ‘అమెరికన్ వేక్’ అనేవాళ్ళు. నేను బేగంపేట సంగతి చెప్పాను. రెండు సుమోల నిండా చుట్టాలు, మా అమ్మ అద్దం అవతల కొంగు నోట్లో కుక్కుకుని నిలబడటం. ‘అదీ వేకే’ అందావిడ. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. వచ్చిన రెండు నెలల్లో గోడలు చూడకుండా గడిపిన మొదటి సాయంత్రం అది.

కాబట్టి సినిమా చూసి తీర్పులు చెప్పకు, ప్రశ్నలు అడుగు. చెప్పాలని మరీ సరదాగా ఉంటే మన వి.వి. గిరి గారి గురించి చెప్పు. 1913 నుంచి డబ్లిన్‌లో లా చదివి, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చిన మనిషి, తర్వాత మన రాష్ట్రపతి అయ్యారు. ఇది చెప్తే ఇక్కడ టీ ఖాయం. మొదటిసారి వద్దను, మళ్ళీ అడుగుతారు, అప్పుడు తీసుకో. మొహమాటంలో వీళ్ళు మనకేమీ తీసిపోరు.

ఇంకో తప్పు కూడా చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క సీటతని తల్లి పోయింది. నన్నెవరూ పిలవలేదని వెళ్ళలేదు. ఆఫీసంతా వెళ్ళింది. పెళ్ళికి పిలిస్తే, చావుకి తెలిస్తే వెళ్ళాలని మా నాయనమ్మ వెయ్యిసార్లు చెప్పిన మాట, తెల్లవాళ్ళకి వర్తించదనుకున్నాను! ఇక్కడ స్థానిక రేడియోలో చావు కబుర్లు చదువుతారు, వెబ్‌సైట్లో వేస్తారు, అదే పిలుపు. వరసలో నిలబడి చెయ్యి కలిపి ‘సారీ ఫర్ యువర్ ట్రబుల్’ అంటే చాలు. ఆ తర్వాత నెలరోజులు క్యాంటీన్‌లో ఒక్కణ్ణే తిన్నాను. ఎవరూ వెలెయ్యలేదు, నాకే వెళ్ళి కూర్చునే మొహం లేకపోయింది.

‘బ్రూక్లిన్’ అని 2015లో వచ్చిన సినిమా ఉంది. 1950లలో ఇక్కడి ఎనిస్‌కార్తీ అనే ఊరి నుంచి ఒక పిల్ల ఒంటరిగా న్యూయార్క్ వెళ్తుంది. మంచి సినిమా, కానీ వచ్చిన మొదటి నెలలో గదిలో ఒక్కడివే కూర్చుని చూడకు. నేను చూసేసరికి నాకు పెళ్ళయింది, ఇల్లు కొన్నాను, ఇద్దరు పిల్లలు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం చదువుకుని ఆ పిల్ల ఏడ్చే చోట, స్టవ్ మీద పాలున్నాయంటూ మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ మీద ఏమీ లేదు.