జూలై మ్యాచులు చూడనివాళ్ళకి క్లబ్ సగమే తెలుస్తుంది

“లండన్ వచ్చి ఏడాదైంది. నలుగురు స్నేహితులం కలిసి ఏదైనా చిన్న ఫుట్‌బాల్ క్లబ్ వెంట తిరుగుదామనుకుంటున్నాం. జూలైలో ప్రీ-సీజన్ మ్యాచులకి వెళ్ళడం దండగా? ఆగస్టులో లీగ్ మొదలయ్యాక వెళ్తే సరిపోతుందా?” అని మీరు అడిగారు.

దండగ కాదు. నన్నడిగితే ఆ ఒక్క నెల చూసి మిగతా ఏడాదంతా మానేసినా పెద్ద నష్టం లేదంటాను. మేమూ నలుగురమే. నేను సికింద్రాబాద్, ఒకడు భీమవరం, ఇంకొకాయన కర్నూలు. వయసులో పెద్దవాడని ఆయన్ని అందరం అన్నా అంటాం. ముగ్గురం ఈస్ట్ హామ్‌లో ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. పక్క వీధిలో ఖమ్మం అమ్మాయి. మాలో బూట్లు కట్టుకుని నిజంగా ఫుట్‌బాల్ ఆడింది ఆ అమ్మాయి ఒక్కతే, జిల్లా జట్టు దాకా వెళ్ళింది. మా క్లబ్ క్లాప్టన్ కమ్యూనిటీ. ఫారెస్ట్ గేట్‌లో అప్టన్ లేన్ మీద ఓల్డ్ స్పాటెడ్ డాగ్ అనే గ్రౌండ్ ఉంది, అదే వాళ్ళ ఇల్లు. మాకు నడిచిపోయే దూరం.

నిజానికి మేమూ అందరిలాగే ముందు పెద్ద క్లబ్ వెనకే పడ్డాం. టికెట్లు తిరిగి అమ్మే ఒక సైట్‌లో రెండు టికెట్లు కొన్నాం. నా రెండు వారాల జీతం పోయింది. గేట్ దగ్గర స్కాన్ చేస్తే ఎర్ర లైటు. అవే టికెట్లతో ఎవరో అప్పటికే లోపలికి వెళ్ళిపోయారట. ఆ సైట్ వాళ్ళకి నెలన్నర పాటు మెయిల్స్ పెట్టాం, ఒక్క పైసా వెనక్కి రాలేదు. ఆ సాయంత్రం గ్రీన్ స్ట్రీట్ మీదుగా ఇంటికి నడుస్తుంటే వెస్ట్ హామ్ అనే పెద్ద క్లబ్ పాత గ్రౌండ్ ఉన్న చోటు వచ్చింది. 1904 నుంచి 2016 దాకా అక్కడే ఆడారు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. జట్టు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్ళిపోయింది, వీధి చివర వాళ్ళ పాత ఆటగాడు బాబీ మూర్, అతని తోటివాళ్ళ విగ్రహం మాత్రం మిగిలింది. ఒక వీధికి నూట పన్నెండేళ్ళ అలవాటు అలా తీసేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

క్లాప్టన్ సంగతి దానికి పూర్తిగా తిరగబడ్డ కథ. పాత క్లాప్టన్ క్లబ్ 1888 నుంచి ఆ గ్రౌండ్‌లో ఆడింది. 1890లోనే బెల్జియం వెళ్ళి ఆంట్వెర్ప్‌లో 7-0తో గెలిచి వచ్చిన జట్టది. తర్వాత బ్రిటిష్ సైన్యంలో ఆఫీసరై, 1918లో యుద్ధంలో చనిపోయిన వాల్టర్ టల్ కూడా ముందు ఇక్కడే ఆడాడు. క్లబ్ నడిపే తీరు నచ్చక అభిమానులే 2018లో బయటికొచ్చి సొంతంగా క్లబ్ పెట్టుకున్నారు. మెంబర్‌కి ఒక ఓటు, ఎవరికీ రెండో ఓటు లేదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన అంతర్జాతీయ దళాల జ్ఞాపకంగా ఎరుపు, పసుపు, ఊదా రంగుల్లో, బయటి గ్రౌండ్లలో ఆడేటప్పుడు వేసుకునే షర్ట్ ఒకటి చేయించారు. దానికి ఎక్కడెక్కడి నుంచో వేలల్లో ఆర్డర్లు వచ్చాయి. 2020లో గ్రౌండే కొనేశారు. ఇక దాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చే మొనగాడు ఎవడూ లేడు.

ఇప్పుడు ఆ జూలై శనివారం సంగతి.

అప్పుడు చదువయ్యాక ఇచ్చే నా గ్రాడ్యుయేట్ వీసా ఇంకా ఏడు నెలలే ఉంది. రాత్రిళ్ళు గోడౌన్‌లో పార్సిళ్ళు సర్దుతూ, పగలు స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఉద్యోగం కోసం అప్లికేషన్లు పెడుతూ ఉండేవాణ్ణి. నిద్ర లేదు. అన్న బలవంతంగా లేపి లాక్కెళ్ళాడు. ఖమ్మం అమ్మాయి డబ్బాలో పులిహోర తెచ్చింది. ఎండకి గ్రౌండ్ గట్టిపడిపోయి ఉంది, బంతి పడితే టప్‌మని మోకాలు దాటి లేస్తోంది. ఇనుప గొట్టాలతో కట్టిన ఒక స్టాండ్ ఉంటుంది అక్కడ. లీగ్ రోజుల్లో పాటలు, డప్పులు అన్నీ అందులోనే. ఆ రోజు ఖాళీగా ఉంది. మేం ఎదురుగా రైలింగ్‌కి ఆనుకుని నిలబడ్డాం.

టీమ్ షీట్‌లో కొన్ని పేర్ల చోట ‘ట్రయలిస్ట్’ అని మాత్రమే ఉంటుంది. క్లబ్‌లో చోటు దొరుకుతుందేమోనని పరీక్షకి వచ్చినవాళ్ళన్నమాట. పేరు ఉండదు, నంబరే. ఆ రోజు మా ముందు రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్‌గా, ఆడుతున్నవాడు అలాంటివాడే. పాత షర్ట్ ఇచ్చినట్టున్నారు, వీపు మీద ఏదో నంబర్ ఉంటే దాని మీద తెల్ల టేప్ అతికించి మార్కర్‌తో 15 అని రాశారు. చెమటకి టేప్ ఒక మూల లేచిపోయి, పరుగెత్తినప్పుడల్లా రెపరెపలాడుతోంది. అంచు వెంట దాడి చేసే అవతలి వింగర్ అతన్ని మూడుసార్లు దాటిపోయాడు. మూడోసారి గోలయింది. అరగంటకే మార్చేశారు.

వచ్చి మా పక్కనే రైలింగ్ దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు తాగుతూ ఎవరివైపూ చూడలేదు. ఖమ్మం అమ్మాయి ఊరుకోలేదు. “వాడు ప్రతిసారీ బంతితో గోల్ వైపు, లోపలికే కోస్తున్నాడు. బయటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. లైన్ వదిలేసి లోపలి వైపు నిలబడు” అంది. అతను తిరిగి చూశాడు. కోపగిస్తాడేమో అనుకున్నాం. “నిజమా?” అన్నాడు. తర్వాత పది నిమిషాలు అతనూ ఆ అమ్మాయీ కలిసి ఆ వింగర్‌నే చూశారు, వేలితో చూపించుకుంటూ. ఈ నెలలో ఇది మూడో క్లబ్ అని చెప్పాడు. తెల్లవారుజామున షిఫ్ట్ దిగి నేరుగా వచ్చాడట. ఆ మాట విన్నాక నాకు పులిహోర గొంతు దిగలేదు. నేనూ ఆ నెలలో మూడు ఇంటర్వ్యూలకి వెళ్ళి వచ్చినవాణ్ణే.

ఇలా లీగ్ లెక్కలోకి రాని ఫ్రెండ్లీ మ్యాచుల్లో, ఇద్దరు మేనేజర్లూ ఒప్పుకుంటే, బయటికొచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి పంపడం మామూలే. పై స్థాయి లీగుల్లో ఇది కుదరదు. డెబ్బయ్యో నిమిషంలో అతన్ని మళ్ళీ దింపారు. మొదటిసారే వింగర్ లోపలికి కోశాడు, ఇతను అక్కడే ఉన్నాడు. బంతి లాక్కుని ఒక్క తన్నుతో ముందుకు పంపాడు. మేం నలుగురం అరిచిన అరుపుకి లైన్స్‌మన్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. రెండోసారీ అంతే. మ్యాచ్ ఓడిపోయాం, ఎంతకో గుర్తు లేదు.

చెప్పండి, ఏ పెద్ద స్టేడియంలో ఇది జరుగుతుంది? మనవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో ఫాంటసీ పాయింట్ల గురించి రాత్రి రెండింటి దాకా కొట్టుకుంటారు, తాము అభిమానించే క్లబ్ ఉన్న ఊళ్ళో ఒక్కసారి కూడా కాలు పెట్టి ఉండరు. హైదరాబాద్ వాళ్ళయ్యుండి కూడా ఇలా ఉండటం నాకు మరీ బాధ. మన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీల్లో ఒకటైన రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన కోచ్ రహీం సాబ్ 1956 ఒలింపిక్స్‌లో భారత జట్టుని నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు. మా తాతయ్య ఆ ఆటగాళ్ళ పేర్లు ఇంట్లో మనుషుల పేర్లలా చెప్పేవాడు, ఎందుకంటే వాళ్ళు ఆయనకి రోడ్డు మీద ఎదురయ్యేవాళ్ళు. రోడ్డు మీద ఎదురయ్యేవాడే మన ఆటగాడు.

ఇంకో సంగతి. ఫారెస్ట్ గేట్‌లో 86 నంబర్ బస్సెక్కితే ఇల్ఫర్డ్ వెళ్తుంది. స్వతంత్ర భారతదేశం ఒలింపిక్స్‌లో ఆడిన మొట్టమొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆ ఇల్ఫర్డ్‌లోనే, 1948 జూలై 31న. ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడారు. సారంగపాణి రామన్ గోల్ కొట్టాడు, రెండు పెనాల్టీలు మాత్రం చేజారాయి. ఫ్రాన్స్ 2-1తో గెలిచింది. ఇల్ఫర్డ్‌లో ఇప్పుడు ఎన్ని తెలుగు ఇళ్ళున్నాయో మీకు తెలుసు. ఆ ఇళ్ళలో ఎంతమందికి ఈ మాట తెలుసు?

మీకు పనికొచ్చే మాటలు కొన్ని. ప్రీ-సీజన్ మ్యాచులు మంగళవారం సాయంత్రాలు కూడా పెడతారు, తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళొచ్చు. చివరి నిమిషంలో గ్రౌండ్ మారుస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. చిన్న క్లబ్బుల్లో గేట్ దగ్గర, టీ కౌంటర్‌లో ఉండేవాళ్ళు జీతగాళ్ళు కారు, మీలాంటివాళ్ళే. ఒక గంట సాయం చేస్తామని అడగండి. ఆగస్టులో వెళ్తే మీరు ప్రేక్షకులు. జూలైలో వెళ్తే పేరు పెట్టి పిలుస్తారు.

ఆ పదిహేనో నంబర్ ఆగస్టు టీమ్ షీట్‌లో లేడు. అన్న రెండు వారాలు వెతికాడు. సెప్టెంబర్‌లో ఒక శనివారం అవతలి జట్టు వార్మప్‌కి దిగింది. వాళ్ళలో రైట్ బ్యాక్‌ని చూసి భీమవరం వాడు నా చెయ్యి గిల్లాడు. ఈసారి వీపు మీద టేప్ లేదు, నంబర్ 2, శుభ్రంగా అచ్చు వేసి ఉంది. అతనూ మమ్మల్ని గుర్తుపట్టాడు. పరుగు ఆపి రైలింగ్ దాకా వచ్చి, ఖమ్మం అమ్మాయిని చూసి, “మీ వింగర్ ఎటు కోస్తాడు?” అని అడిగాడు.

ఆ అమ్మాయి చెప్పలేదు.