నాబ్ విప్పే ముందు

అమ్మలూ,

నువ్వు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎనిమిదంగుళాల టెలిస్కోపును విప్పి ఫోకస్ బాగుచేస్తానంటున్నావని నిన్న ఫోన్‌లో మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. పాడైన వస్తువును నువ్వెప్పుడూ మూలన పడేసే రకం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది, అందుకే ఈ ఉత్తరం.

ఫోకస్ నాబ్ తిప్పుతున్నా కాసేపు బొమ్మ కదలడం లేదని, తర్వాత ఒక్కసారిగా కదులుతోందని అన్నావట. సైకిల్ పెడల్ వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకు తొక్కితే చెయిన్ బిగిసేదాకా చక్రం కదలదే, బ్యాక్‌లాష్ అంటే అలాంటిదే, మరల మధ్య సందు వల్ల దిశ మార్చినప్పుడు వచ్చే ఖాళీ తిప్పు. నీది బ్యాక్‌లాష్ కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఆ సంగతి తేలకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోకు.

1994 జులైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుగ్రహం మీద పడ్డాయి. ఆ దెబ్బలకు ఏర్పడ్డ నల్లమచ్చలు చిన్న టెలిస్కోపుల్లో కూడా కనిపించాయి. అప్పుడు మా సీనియర్ ఒకాయన దగ్గర సొంతంగా చేసుకున్న న్యూటోనియన్ (అద్దాలతో చేసే ఒక రకం టెలిస్కోపు) ఉండేది. దాని ఫోకసర్‌లో, అంటే ఫోకస్ సర్దే గొట్టంలో, పళ్ళపట్టీ మీద చిన్న పళ్ళచక్రం తిరిగేది. వానాకాలం కదా, రోజూ మబ్బే. మేడమీద వీధి పిల్లలంతా కాచుక్కూర్చునేవాళ్ళు. నాబ్ లూజుగా తిరుగుతోందని ఆయన పళ్ళచక్రాన్ని అదిమిపట్టే రేకు స్క్రూలు బిగించాడు. లూజు పోలేదు. ఇంకాస్త బిగించాడు. నేను పక్కన టార్చిలైటు పట్టుకుని ఉన్నాను. "అన్నా, చాలు" అన్నాను గానీ గట్టిగా అనలేదు. పెద్దవాడు, చేయి తిరిగినవాడు. మూడోసారి బిగించేసరికి ఇత్తడి పళ్ళు పట్టీలో ఇరుక్కుపోయి, గొట్టం మధ్యలో ఆగిపోయింది. అప్పుడే మబ్బు విడిపోయి గురుడు బయటికొచ్చాడు. చూస్తే మసక ముద్ద. పిల్లలు ఒక్కొక్కరే కన్ను పెట్టి, ఏమీ అర్థంకాక దిగిపోయారు.

మర్నాడు విప్పితే తెలిసింది, పళ్ళలో ఏ తప్పూ లేదు. నాబ్‌ను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది, అంతే. నాబ్ తిరుగుతోంది, ఇరుసు తిరగడం లేదు. నాబ్ మీదా ఇరుసు కొసమీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి ఉంటే, తిప్పగానే ఆ గీత రెండుగా విడిపోయి కనిపించేది. పళ్ళు మాత్రం అరిగిపోయాయి. ఇంకెప్పుడైనా చూద్దామంటే ఆ మచ్చలు కొన్ని నెలలకే గురుడి మీంచి చెరిగిపోయాయి.

కాబట్టి ముందు కొలువు. నాబ్ చుట్టూ కాగితం అతికించి గీతలు గీయి. పొద్దున్నే, గాలి వేడెక్కకముందు, దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద ఫోకస్ పెట్టు. ఒకవైపు తిప్పి ఆపు, ఎదురువైపు తిప్పుతూ బొమ్మ కదిలేదాకా ఎన్ని గీతలో రాసుకో. అలా చాలాసార్లు చెయ్యి. ప్రతిసారీ దాదాపు ఒకే లెక్క వస్తే బ్యాక్‌లాష్. ఒక్కోసారి ఒక్కో లెక్క వస్తే ఎక్కడో ఏదో జారుతోంది, గ్రీజుతో అది పోదు.

సూర్యుడున్న వైపు మాత్రం గొట్టం తిప్పకు. కొలత మధ్యలో టీ తాగడానికి లేచినా మూత పెట్టి లే. ఇది చెప్పినందుకు నీకు కోపం వస్తే రానీ.

నీది ష్మిట్-కాసెగ్రెయిన్, రెండు అద్దాలూ ముందు ఒక పల్చటి గాజూ ఉండే పొట్టి గొట్టం రకం. నాబ్ తిప్పితే లోపల ప్రధాన అద్దమే కదులుతుంది. పెద్దద్దం ఎఫ్/2, అంటే దాని ఫోకస్ దూరం వెడల్పుకు రెండింతలు; చిన్న అద్దం దాన్ని ఎఫ్/10, అంటే పదింతలు చేస్తుంది కాబట్టి, పెద్దద్దం ఒక మిల్లీమీటరు జరిగితే ఫోకస్ దాదాపు 25 మిల్లీమీటర్లు జరుగుతుంది. అద్దం మిల్లీమీటరులో నూరో వంతు అటూ ఇటూ అయినా నక్షత్రం చెదిరిపోతుంది. అందుకే ఇక్కడ చిన్న లూజు కూడా పెద్దగా కనిపిస్తుంది. దీనికి విప్పక్కర్లేని మందు ఉంది. చివరి తిప్పు ఎప్పుడూ అపసవ్య దిశలోనే ఉండాలి. అద్దం బరువుకు ఎదురుగా పైకి నెట్టినట్టవుతుంది, మరలో సందు మిగలదు. సరైన చోటు దాటిపోయావా, చాలా వెనక్కి వెళ్ళి మళ్ళీ అదే దిశలో రా. బహ్తినోవ్ మాస్క్ (గొట్టం ముందు పెట్టే చీలికల మూత, నక్షత్రం చుట్టూ మూడు గీతలు చూపిస్తుంది) పెట్టుకుంటే మధ్య గీత సరిగ్గా నడుమకొచ్చినప్పుడు ఆగొచ్చు.

మోటారు పెట్టాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే పద్ధతి, ఓవర్‌షూట్ అంటారు. అక్కడ బ్యాక్‌లాష్ అంకె నువ్వు కొలిచినదానికన్నా కొంచెం ఎక్కువ ఇవ్వు, తక్కువ ఇవ్వకు.

ఇవన్నీ చేశాక కూడా విప్పాలనిపిస్తే, ఆ పని నీ వల్ల కాదని నేననను. అయితే నాబ్ మర పూర్తిగా ఊడొస్తే అద్దాన్ని పట్టి ఉంచేదేమీ ఉండదు, గొట్టం కిందికి వంచితే ముందుకు జారిపోతుంది. మొదటిసారి ఒక్కదానివే చెయ్యకు. చేతికి గ్రీజు ఉండగా అద్దం వైపు పోకు. చిన్నప్పుడు నా కళ్ళద్దాలు కొంగుతో తుడిచిచ్చేదానివి, ఆ అలవాటు దీని దగ్గర వద్దు తల్లీ. అద్దం మీది పూత చాలా పల్చన.

కొలతలు రాసిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. అంకెలు ఒకేలా ఉంటే నువ్వే సర్దుకుంటావు. వేరువేరుగా ఉంటే వచ్చే ఆదివారం బస్సెక్కి వస్తాను, నేనొచ్చేదాకా ఆ స్క్రూలు ముట్టుకోకు.

మీ మామయ్య